బలానికి ఒక మాత్ర

మా పిన్నిది తెనాలి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఇప్పటికీ ఇంటిల్లిపాదికీ ఆవకాయ తనే కలుపుతుంది. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. "ఏరా, అన్నం సయించడం లేదురా. నాలుగు రోజులుగా విరేచనం లేదు. పొద్దున రెండుసార్లు వాంతయింది. దాహం మాత్రం ఎన్ని నీళ్ళు తాగినా తీరడం లేదు."

"కొత్తగా మందులేమైనా వాడుతున్నావా పిన్నీ?"

"మందులేం లేవురా. విటమిన్లే."

మందు అంటే మనకు భయం, విటమిన్ అంటే చుట్టం. పిన్నికి ఆ ధైర్యం ఎవరిచ్చారు, ఇచ్చినందుకు వాళ్ళకేం ముట్టింది అన్నదే ఈ అధ్యాయం.

సాయంత్రానికి తెనాలి చేరాను. ఫ్రిజ్ తలుపులో గుడ్లు పెట్టే గుంటల్లో గుడ్లకు బదులు డి విటమిన్ పొడి ప్యాకెట్లు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి 60 వేల యూనిట్లు. మన దేశంలో పెద్దవాళ్ళకు రోజుకు 600 యూనిట్లు చాలని భారత వైద్య పరిశోధన మండలి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి లెక్క కట్టాయి. అంటే ఒక్క ప్యాకెట్ వంద రోజుల పెట్టు. లోపం బాగా ఉన్నవాళ్ళకు డాక్టర్లు దాన్ని వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. పిన్ని నలభై రోజులుగా రోజుకొకటి పాలల్లో కలుపుకుని తాగుతోంది. దానికి తోడు కాల్షియం మాత్రలు.

రక్తపరీక్షలో కాల్షియం ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ వచ్చింది. ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు, ప్యాకెట్లు ఆపించారు. డి విటమిన్ ఒంట్లో కొవ్వులో నిలవుంటుంది కాబట్టి అది పూర్తిగా దిగడానికి నెలలు పట్టింది. మూత్రపిండాలు దెబ్బతినలేదు, అది మా అదృష్టం.

రోజుకొకటి తాగమని చెప్పిందెవరు? ఫోన్‌లో ఒక పెద్దమనిషి. తెల్లకోటు, మెళ్ళో స్టెతస్కోపు, వెనక అల్మరాలో లావుపాటి పుస్తకాలు. ఇరవై నిమిషాల వీడియో నేను మొత్తం చూశాను. మనందరికీ డి విటమిన్ లోపమేనట, డాక్టర్లు భయపడి తక్కువ రాస్తారట. వీడియో కింద ఆయన సొంత దుకాణం లింకు, పక్కన పది శాతం తగ్గింపు కోడు. కాల్షియం మాత్రలు పిన్ని అక్కడే తెప్పించుకుంది.

ఆయన దొంగ అయితే ఈ అధ్యాయం రాసే పనే లేదు. దొంగల గురించి పోలీసులు చూసుకుంటారు. వీడియో రెండోసారి చూసినప్పుడు నాకనిపించింది వేరు: ఆయన చెప్పేది ఆయన నమ్ముతున్నాడు. బహుశా వాళ్ళమ్మకు కూడా అదే పొడి ఇస్తున్నాడు.

ఉప్పు, పాట

సలహా చెప్పేవాడికి అమ్మకంలో లాభం ఉండటాన్ని పత్రికలు 'విరుద్ధ ప్రయోజనాలు' అంటాయి. మన ఇళ్ళలో అంతకంటే సూటి మాట ఎప్పటి నుంచో ఉంది: ఎవరి ఉప్పు తింటే వాళ్ళ పాట పాడతారు. మనం ఆ మాట విని లంచం అనుకుంటాం. లంచం తిన్నవాడికి తను తిన్నట్టు తెలుసు, రాత్రిపూట కాస్తో కూస్తో నిద్ర పట్టదు. ఉప్పు తిన్నవాడికి ఆ బాధ లేదు. పాట తనదే అనుకుంటాడు.

నా సంగతి చెప్పకపోతే అన్యాయం. కొన్నేళ్ళ కిందట విటమిన్ మాత్రలు అమ్మే ఒక కంపెనీ వాళ్ళు, తమ సేల్స్ వాళ్ళకూ కొందరు డాక్టర్లకూ 'పనిలో ఉత్సాహం' అనే అంశం మీద మాట్లాడమని హైదరాబాద్‌లో ఒక హోటల్‌కు పిలిచారు. ఇంటి దగ్గర కాగితం మీద ప్రసంగం రాసుకున్నాను. అందులో ఒక వాక్యం ఉంది: 'మీలో చాలామందికి కావలసింది మాత్ర కాదు, రాత్రి పదింటికల్లా ఫోన్ పక్కన పెట్టి పడుకోవడం.' కారు పంపారు. గదిలో పళ్ళబుట్ట పెట్టారు. మేనేజరుగారు స్వయంగా తలుపు తీసి పట్టుకున్నారు. వేదిక మీద ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళు కింది వాక్యం మీదికి జారాయి. ఎవరూ నన్ను అడగలేదు, కనుసైగ కూడా చెయ్యలేదు. చప్పట్లు కొట్టారు, కవరు ఇచ్చారు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే జేబులో కాగితం కనబడింది, అందులో ఆ వాక్యం నిక్షేపంలా ఉంది. దాని ఖరీదెంతో కవరు విప్పి చూస్తే తెలిసింది.

ఒక్క పూట మర్యాదకు నేనే అంత వంగితే, ఏళ్ళ తరబడి నెలనెలా ముట్టేవాళ్ళ మాటేమిటి?

ఇరవై, ముప్ఫై

డి విటమిన్ పరీక్ష చేయించుకున్నారా? ఆ కాగితం తీసి చూడండి. పక్కన చిన్న పట్టిక ఉంటుంది. 20 కంటే తక్కువైతే లోపం, 20 నుంచి 30 దాకా 'చాలదు', 30 దాటితే సరిపడా అని చాలా ల్యాబుల కాగితాల్లో కనిపిస్తుంది. మీది 24 అనుకోండి, అంకె లావు అక్షరాల్లో ఉంటుంది. లావు అక్షరాలు చూస్తే ఎవరికైనా కాళ్ళు లాగుతున్నట్టే ఉంటుంది. ఆ 30 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. దాని కథ అమెరికాలో మొదలైంది.

2010లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నియమించిన నిపుణుల సంఘం ఉన్న పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాములుంటే దాదాపు అందరి ఎముకలకూ చాలునని తేల్చింది. మరుసటేడు 2011లో ఎండోక్రైన్ సొసైటీ అనే డాక్టర్ల సంఘం, కాదు, 30 ఉండాలంది. ఆ మార్గదర్శకాలు రాసిన బృందానికి పెద్ద బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ మైకేల్ హోలిక్. డి విటమిన్ మీద ప్రపంచంలో పేరున్న శాస్త్రవేత్త. 20కీ 30కీ మధ్య ఉన్న జనం కొద్దిమంది కాదు, కోట్లలో ఉంటారు. రాత్రి ఆరోగ్యంగా పడుకున్న వాళ్ళంతా పొద్దున లేచేసరికి డి విటమిన్ చాలనివాళ్ళయ్యారు.

ఇక పరీక్షలు. 2016లో అమెరికా ప్రభుత్వ మెడికేర్ బీమా కింద ఉన్న పెద్దవాళ్ళకే కోటికి పైగా డి విటమిన్ పరీక్షలు జరిగాయి, ఖర్చు 36.5 కోట్ల డాలర్లు. 2018 ఆగస్టులో కైజర్ హెల్త్ న్యూస్, న్యూయార్క్ టైమ్స్ కలిసి ఒక కథనం వేశాయి. డాక్టర్ హోలిక్ 1979 నుంచి క్వెస్ట్ డయాగ్నస్టిక్స్ అనే పెద్ద పరీక్షల కంపెనీకి సలహాదారని అందులో ఉంది. నెలకు వెయ్యి డాలర్లు. 2013 నుంచి 2017 వరకు మందుల కంపెనీల నుంచి దాదాపు 1,63,000 డాలర్లు ముట్టాయి. ఆయన సలహాదారుగా ఉన్న సంగతి దాచలేదు, ఆ డబ్బు తన మాటను మార్చలేదని మాత్రం చెప్పారు. ఆయన అబద్ధమాడారని నేననను. ఆ రోజు హోటల్ మెట్ల మీద ఆపి నన్నడిగినా నేనూ అదే చెప్పేవాణ్ణి.

తరవాత ఏం జరిగిందో చూడండి. దాదాపు 26 వేల మందితో, రోజుకు 2,000 యూనిట్లు ఇస్తూ సగటున అయిదేళ్ళకు పైగా నడిపిన 'వైటల్' అనే పరిశోధన ఫలితాలు 2018 నవంబర్‌లో వచ్చాయి. డి విటమిన్ వేసుకున్న వాళ్ళకు క్యాన్సర్లు తగ్గలేదు, గుండెపోట్లు తగ్గలేదు. 2022లో అదే పరిశోధన నుంచి ఎముకలు విరగడం కూడా తగ్గలేదని తేలింది. 2024లో ఎండోక్రైన్ సొసైటీ కొత్త మార్గదర్శకాలు రాసింది. 30 అన్న గీతను తనే పక్కన పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు ఊరికే పరీక్ష చెయ్యొద్దంది. పిల్లలకు, డెబ్బై అయిదు దాటిన వాళ్ళకు, గర్భిణులకు, చక్కెర జబ్బు అంచున ఉన్నవాళ్ళకు మాత్రం ఇవ్వొచ్చంది. గీత గీసిన సంఘమే చెరిపేసింది కానీ, కాగితాల మీద అది చెరగలేదు.

జింకోవిట్ కేసు

మన దగ్గరికి వద్దాం. చెన్నైకి చెందిన అపెక్స్ లేబొరేటరీస్ 'జింకోవిట్' అనే మల్టీవిటమిన్ తయారు చేస్తుంది. కొవిడ్ రోజుల్లో ఈ పేరు వినని ఇల్లు లేదు. ఈ కంపెనీ 2010–11 అసెస్‌మెంట్ సంవత్సరానికి, దాని మీద అవగాహన కలిగించడానికని డాక్టర్లకు ఇచ్చిన కానుకల ఖర్చును, 4 కోట్ల 72 లక్షల రూపాయల పైచిలుకు, వ్యాపార ఖర్చుగా చూపించి పన్ను మినహాయింపు అడిగింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. బంగారు నాణేలు, ఎల్‌సీడీ టీవీలు, ఫ్రిజ్‌లు, ల్యాప్‌టాప్‌లు, సదస్సుల ఫీజులు, ఆతిథ్యం అన్నీ ఆ తీర్పులోకెక్కాయి. ఫ్రిజ్ ఇస్తే మల్టీవిటమిన్ మీద అవగాహన ఎలా కలుగుతుందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

డాక్టర్లు కానుకలు తీసుకోరాదని వైద్య మండలి 2009 డిసెంబర్‌లో నియమం పెట్టింది. కంపెనీ వాదన ఏమిటంటే, నిషేధం పుచ్చుకునేవాళ్ళకే తప్ప ఇచ్చేవాళ్ళకు కాదని. 2022 ఫిబ్రవరి 22న జస్టిస్ యు.యు.లలిత్, జస్టిస్ ఎస్.రవీంద్ర భట్ ధర్మాసనం ఆ వాదనను కొట్టేసింది. పుచ్చుకోవడం తప్పయినప్పుడు ఇవ్వడం ఒప్పు కాలేదంది. ఈ కానుకల ఖర్చు చివరికి మందు ధరలోకే చేరుతుందని కూడా చెప్పింది. అంటే ఆ ఫ్రిజ్ కొన్నది మనమే. ఆ మాత్ర మంచిదా చెడ్డదా అన్నది ఆ కేసులో ప్రశ్నే కాదు, అది గుర్తుపెట్టుకోండి.

అప్పటి నుంచి కొంత బిగించారు. 2022 జులై నుంచి ఏడాదికి 20 వేలు దాటిన ఇలాంటి ప్రయోజనాల మీద పది శాతం పన్ను ముందే కోస్తున్నారు. 2024 మార్చిలో కేంద్రం మందుల మార్కెటింగ్‌కు కొత్త నియమావళి ప్రకటించింది. కానీ అమెరికాలో రోగి ఇంట్లో కూర్చుని తన డాక్టర్ పేరు కొట్టి, ఏ కంపెనీ ఎంత ఇచ్చిందో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోగలడు. మన రోగికి ఆ వీలు లేదు. మనం నోటితోనే అడగాలి.

డాక్టర్ల మీదే తోసేస్తే అదీ న్యాయం కాదు. ఓపీ దగ్గర ఒక గంట కూర్చోండి. అయిదుగురిలో ఇద్దరు లేవబోతూ, "బలానికేమైనా రాయండి సార్" అంటారు. రాయకపోతే ఆ డాక్టర్‌కు హస్తవాసి లేదంటారు. చీటీ చివర మెరిసే ఆ మాత్రకు కంపెనీ రెప్ ఎంత కారణమో మనమూ అంతే. తోటకూర తినమంటే మొహం ముడుచుకుని, మాత్ర రాస్తే తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాం. మన వైపూ ఒక ప్రయోజనం ఉంది, దాని పేరు బద్ధకం.

డబ్బు లేకపోయినా

ఇంతవరకు చదివి, డబ్బు ముట్టినవాడి మాట తప్పు, ముట్టనివాడి మాట ఒప్పు అని తేల్చుకుంటే మళ్ళీ బోల్తా పడతారు. ఇద్దరిని పక్కపక్కన నిలబెడతాను.

లైనస్ పాలింగ్. 1954లో రసాయనశాస్త్రంలో, 1962కు గాను శాంతికి, రెండు నోబెల్ బహుమతులు. ఆయన 1970లో సి విటమిన్, జలుబు గురించి పుస్తకం రాశారు. ఆ తరవాత సి విటమిన్ క్యాన్సర్‌కూ పనికొస్తుందన్నారు. తనూ గ్రాముల కొద్దీ వేసుకున్నారు. మేయో క్లినిక్ వాళ్ళు 1979లో, 1985లో క్యాన్సర్ రోగుల మీద పరీక్షించి చూస్తే ప్రయోజనం కనబడలేదు. రోజూ వేసుకున్నా మామూలు జనానికి జలుబు రావడం తగ్గదని, వచ్చాక కాస్త ముందుగా పోతుందని తరవాతి పరిశోధనలు తేల్చాయి. అక్కడ ఆయన్ను నడిపింది ఎక్కువగా నమ్మకమే. ఒకసారి లోకం ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం నోబెల్ గ్రహీతకు ఇంకా కష్టం. పేరు కూడా ఉప్పే.

ఇటువైపు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో జీతానికి పనిచేస్తూ, ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అచ్చంగా కంపెనీ మనిషి. అయినా ఆ విటమిన్ ఒక రకం రక్తహీనతను తగ్గించింది, గర్భం తొలిరోజుల్లో వేసుకుంటే బిడ్డకు వెన్ను లోపాలు రాకుండా కాపాడుతుందని తరవాత రుజువైంది. కంపెనీలో పనిచేసినంత మాత్రాన మాట చెడిపోదు. ఆయన ఎక్కడ పనిచేస్తున్నదీ లోకానికి తెలుసు, మాత్ర పనిచేస్తుందో లేదో ఇతరులు పరీక్షించి చూశారు. ఆ రెండూ ఉన్నాయా అన్నదే ప్రశ్న.

ఆ ఫోలిక్ ఆమ్లం ఇవాళ ఐరన్‌తో కలిపి ఎర్రమాత్రగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఉచితంగా ఇస్తారు. రుజువు గట్టిగా ఉన్న విటమిన్లలో అదొకటి. దాని కోసం సినిమా హీరో ఎవరూ నవ్వరు, తగ్గింపు కోడు ఎవరూ ఇవ్వరు. ఆశా వర్కర్ బతిమాలి వేయించాలి.

అడగడం ఎలా

మనవాళ్ళకు అసలు ఇబ్బంది ఇక్కడే. పెద్దవాళ్ళను, చదువుకున్నవాళ్ళను అడిగితే మర్యాద తప్పినట్టు. "మీకు కమిషనెంత?" అని అడగమని నేను చెప్పను, అలా అడిగితే నిజం రాదు, స్నేహం పోతుంది. మాత్ర గురించి అడగండి. "డాక్టరుగారూ, ఇది నాకు ఏ లోపానికి? ఎన్నాళ్ళు వాడాలి? వాడకపోతే ఏమవుతుంది?" మంచి డాక్టర్ ఈ మూడింటికీ నిమిషంలో చెబుతారు. మాంసం ముట్టని వాళ్ళకు, చక్కెర జబ్బుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు బి12 తగ్గే అవకాశం ఉంది. వాళ్ళకు "మీకు ఇందుకు" అని కారణం చూపించి రాస్తారు. "ఊరికే, బలానికి" అన్న జవాబు వస్తే, "అయితే నెల రోజులు తిండితో చూస్తానండి" అనండి. కోప్పడే డాక్టర్లు తక్కువ. నా అనుభవంలో ఒకాయన నవ్వి, తనే కలంతో ఆ లైను కొట్టేశారు.

ఫోన్‌లో కనబడే నిపుణుడి దగ్గర అడిగే వీలు లేదు కాబట్టి చూపు వాడాలి. మీకు జబ్బుందని చెప్పేవాడు, దానికి పరీక్ష చేయించేవాడు, మందు అమ్మేవాడు ఒక్కడే అయితే, ఆ వీడియో అక్కడితో ఆపండి. డబ్బు తీసుకుని ఒక వస్తువు గురించి చెబితే ఆ మాట కనబడేలా చెప్పాలని, వైద్యం గురించి మాట్లాడేవాళ్ళు తమ అర్హత చెప్పాలని 2023లో వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బా కూడా తిప్పి చూడండి. హెల్త్ సప్లిమెంట్ అయితే, 'ఔషధంగా వాడటానికి కాదు' అని దాని మీదే ముద్రించి ఉండాలి. వీడియోలో మోకాళ్ళ నొప్పి తగ్గిస్తానన్నది డబ్బా మీద తగ్గించనని రాసుకుంటుంది.

అన్నిటికన్నా కష్టం, నిపుణుడు మన బంధువైనప్పుడు. రిటైరైన బాబాయి గొలుసుకట్టు కంపెనీలో చేరి, విటమిన్ డబ్బాలతో ఇంటికొస్తాడు. కాఫీ తాగుతూ కణాల గురించి చెబుతాడు. అక్కడ వాదించకండి, గెలిచినా ఓడినట్టే. "బాబాయ్, డబ్బు సాయం కావాలంటే చెప్పు, ఇస్తాను. డబ్బా మాత్రం వద్దు" అనండి. నేను అలాగే అన్నాను. రెండు నెలలు ఫోన్ చెయ్యలేదు, తరవాత పెళ్ళిలో పక్కన కూర్చుని భోజనం చేశాడు.

ఇంకొకటి. మీరే సలహా ఇచ్చే చోట, పాలసీ గానీ ప్లాటు గానీ మాత్ర గానీ, మీకు అందులో వచ్చేది ముందు చెప్పేసి తరవాత సలహా చెప్పండి. వినేవాళ్ళు నమ్మరని భయపడకండి. నా హోటల్ ప్రసంగం గురించి చదివాక కూడా మీరు ఇంతదూరం వచ్చారు కదా.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న విటమిన్లన్నీ, మాత్రలు, పొడులు, గమ్మీలు, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. బల్ల మీద కుమ్మరించండి. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ కూడా వదలకండి. అది థైరాయిడ్ లాంటి రక్తపరీక్షల అంకెలను తారుమారు చేస్తుందని 2017లోనే అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. బయల్దేరే ముందు మాత్రం, ఆ సంచిలో ఏ డాక్టరూ రాయనివి ఎన్ని ఉన్నాయో ఒకసారి మీరే లెక్కపెట్టండి. మా పిన్ని సంచిలో తొమ్మిదింట్లో ఏడు.